చుక్కకు చుక్క

తిరుపతిలో మహతి ఆడిటోరియంలోనో, అన్నమాచార్య కళామందిరంలోనో నృత్యరూపకం చూసేటప్పుడు మన చూపు నర్తకుల మీదే ఉంటుంది. వాళ్ల వెనక తెర మీద చంద్రగిరి రాజమహల్ గోపురాల అంచులు గీసినట్టు కనిపిస్తే ప్రొజెక్టర్ మంచిదనుకుని ఊరుకుంటాం. కానీ ఆ స్పష్టతలో ఎక్కువ పాలు ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్న ఆపరేటర్‌ది.

ప్రొజెక్టర్ లోపల వెలుతురుని బొమ్మగా మార్చే చిన్న పలక ఉంటుంది. దాని మీద పిక్సెళ్లు ఎన్ని ఉండాలో తయారీలోనే ఖాయమైపోతుంది. సభల్లో తరచు కనబడే కొలత 1920 × 1200, అంటే సుమారు 23 లక్షల చుక్కలు. దానికి 4కె వీడియో ఇచ్చినా అన్ని చుక్కలే చూపుతుంది. మిగతాది యంత్రం అప్పటికప్పుడు కుదించేస్తుంది. పెట్టె మీద ‘4కె సపోర్ట్’ అని ఉన్నా, తెలిసిన ఆపరేటర్ అడిగేది పలక అసలు కొలతే.

ఇక ఫొటో. ఫోన్‌లో తీసిన రాజమహల్ 4000 × 3000 ఉందనుకుందాం. తెర ఆకారానికి తేవాలంటే ఎత్తు 2500కి తగ్గాలి, 500 వరసలు పోవాలి. ఎక్కడివి? పైన కోస్తే గోపురం కొనలు తెగుతాయి. కింద నర్తకులు నిలబడితే ఎలాగూ మరుగున పడే పచ్చిక ఉంది, కత్తెర అక్కడ పడుతుంది. తర్వాత 1920 × 1200కి తగ్గిస్తారు. తగ్గించినప్పుడు అంచులు కాస్త మెత్తబడతాయి కాబట్టి కొద్దిగా పదును పెడతారు. ఎక్కువ పెడితే గోడల చుట్టూ తెల్లటి గీత లేస్తుంది. ఎక్కడ ఆపాలో చెప్పేది కన్నే.

వీడియో సంగతి వేరు. సాధారణంగా అది 1920 × 1080. ఈ పలక మీద పైన 60, కింద 60 వరసలు ఖాళీ. ఆ నల్ల పట్టీలు నచ్చక బొమ్మను నిలువునా సాగదీస్తే ప్రతి ముఖం తొమ్మిదో వంతు పొడుగవుతుంది. నృత్యంలో హస్తముద్రలకూ అదే గతి. పట్టీలు ఉండనివ్వడమే మేలని నా అభిప్రాయం. వీడియో సెకనుకు 25 ఫ్రేములదైతే, ప్రొజెక్టర్ ఒప్పుకునే చోట 50 హెర్ట్జ్ పెడతారు. అప్పుడు ప్రతి ఫ్రేమూ సరిగ్గా రెండుసార్లు పడుతుంది. 60 పెడితే పంపకం కుదరక, కదిలే మేఘాలు తడబడతాయి.

కొలతలన్నీ కుదిరినా దారిలో చెడొచ్చు. ల్యాప్‌టాప్‌ని ‘డూప్లికేట్’లో ఉంచితే తెరకూ తన కొలతే పంపవచ్చు. అందుకే ‘ఎక్స్‌టెండ్’లో పెట్టి ప్రొజెక్టర్ కొలత విడిగా ఎంచుకుంటారు. ఆపైన చేసే పరీక్ష నాకు చాలా ఇష్టం. నలుపు, తెలుపు చుక్కలు ఒకటి విడిచి ఒకటి ఉన్న గళ్ల బొమ్మను తెర మీద వేస్తారు. చుక్కకు చుక్క కుదిరితే దూరం నుంచి తెరంతా ఒకే బూడిద రంగు. ఎక్కడైనా కుదింపు జరిగితే అలలు అలలుగా చారలు కనబడతాయి. కీస్టోన్ ఆన్‌లో ఉన్నా అంతే. వాలును సరిచేయడానికి అది కొన్ని చుక్కలను ఆర్పి, బొమ్మను మిగిలినవాటిలో ఇరికిస్తుంది. వీలైతే ప్రొజెక్టర్‌నే తెరకు ఎదురుగా సరిపెడతారు.

వీటన్నిటి ఫలితం కీర్తన సాహిత్యం తెర మీదికి వచ్చినప్పుడు తెలుస్తుంది. అక్షరం కింద వత్తు, దాని కింద మరో వత్తు ఉండే మన లిపిలో కుదింపు దెబ్బ ముందు తగిలేది ఆ చిన్న మెలికలకే.

రంగు తెరలతో అడవినీ రాజసభనీ నిలబెట్టిన సురభి నాటకాలు 1885లో మన రాయలసీమలోనే, కడప జిల్లా సురభి గ్రామంలో మొదలయ్యాయి. ఈ ఆపరేటర్లను నేను ఆ వరసలోనే చూస్తాను.

మీ పిల్లల ప్రదర్శనకు ఫొటోలు ఇవ్వాల్సి వస్తే ప్రొజెక్టర్ కొలత ముందే అడగండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది బొమ్మను కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి.