చేతికందే దూరం

మనిషి తల నాలుగున్నర, అయిదు కిలోల బరువుంటుంది. నిటారుగా కూర్చున్నంతసేపూ ఆ బరువును వెన్నుపూసలు మోస్తాయి కాబట్టి మనకు తెలియదు. సైకిల్ మీద బాగా ముందుకు వంగి, దారి కనపడాలని గడ్డం పైకెత్తితే మాత్రం భారమంతా మెడ వెనక కండరాల మీద పడుతుంది. మూడేళ్ల కిందట గండిపేట వెళ్లొచ్చిన ఒక ఆదివారం, స్నానం చేసి తల తుడుచుకోవడానికి కూడా నాకు మెడ తిరగలేదు.

నాకు మెడలో సి-5, సి-6 పూసల మధ్య డిస్కు అరిగింది. నడుములో ఇంకోటి కొంచెం ఉబ్బింది. ఫిజియోథెరపీ చేసే ఆవిడ నన్ను తొక్కడం మానమంటారని భయపడుతూ వెళ్లాను. ఆవిడ నా సైకిల్ ఫొటో అడిగి చూశారు. "మానక్కర్లేదండీ. కానీ ఇది మీ ఒంటికి చాలా పెద్ద సైకిల్" అన్నారు. నాకు వేళ్లలో తిమ్మిరి గానీ, చేతిపట్టు తగ్గడం గానీ లేవని ముందే పరీక్ష చేసి చూసుకున్నారు. అవి ఉన్నవాళ్లు మాత్రం సైకిల్ కొట్టుకు వెళ్లేముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఆవిడ చెప్పింది నిజం. నా ఎత్తు 172 సెంటీమీటర్లు. నాకు ఎమ్ సైజు సరిపోతుంది. కొట్లో ఎల్ మాత్రమే ఉంటే అదే అంటగట్టారు. అమ్మినతను హ్యాండిల్ మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి, ముందు ఫోర్కు దిగడం చూపించాడు. స్ప్రింగు ఉంటే నడుముకు సుఖమని నేనూ నమ్మాను. నడుం నొప్పి ఉన్నవాళ్లు దాదాపు అందరూ అక్కడే మొదలుపెడతారు. స్ప్రింగు గుంతల దెబ్బను తగ్గిస్తుందే గానీ మన వంపును మార్చదు. సాఫీగా ఉన్న తారురోడ్డు మీద కూడా మెడ పట్టేస్తోందంటే, చూడాల్సింది సీటుకూ హ్యాండిల్‌కూ మధ్య దూరాన్ని.

చాలా సైకిల్ కంపెనీలు ఫ్రేము కొలతల పట్టిక ఇస్తాయి. అందులో నావంటివాళ్లు మొదట చదవాల్సినవి రెండు: రీచ్, స్టాక్. పెడళ్లు తిరిగే ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం ఎంత ముందుకుందో చెప్పేది రీచ్. ఎంత పైకుందో చెప్పేది స్టాక్. మెడ, నడుం బాగోలేని మనిషికి రీచ్ తక్కువగా, స్టాక్ ఎక్కువగా ఉండాలి. ఇక్కడ ఒక తిరకాసుంది. ఇప్పటి ట్రైల్ సైకిళ్లలో, అంటే కొండదారుల మౌంటెన్ బైకుల్లో, రీచ్ బాగా పెంచి, హ్యాండిల్‌ను గొట్టానికి కలిపే స్టెమ్‌ను పొట్టిగా చేసి, సీటు గొట్టాన్ని నిటారుగా నిలబెడుతున్నారు. నిటారు కొండ ఎక్కేటప్పుడు అది మంచిదే. చదును నేల మీద మాత్రం ఒళ్లు ముందుకు జరిగి బరువు అరచేతుల మీదికి, అక్కణ్నుంచి భుజాల మీదికి, మెడ మీదికి వస్తుంది. మనలో చాలామందిమి నగరం నుంచి పాతిక కిలోమీటర్లు తారురోడ్డు తొక్కి, చివర అయిదు కిలోమీటర్లు మట్టిదారి పట్టేవాళ్లం. మన సైకిల్‌ను ఎంచుకోవాల్సింది ఆ పాతిక కిలోమీటర్లను బట్టి.

మౌంటెన్ బైక్ మొదట్లో ఇలా ఒంటిని సాగదీసేది కాదు. కాలిఫోర్నియాలో మెరిన్ కౌంటీ కుర్రాళ్లు 1970లలో టామల్పైస్ కొండ మీంచి దిగడానికి వాడినవి వెనకటి కాలపు లావు టైర్ల ష్విన్ సైకిళ్లు. వాటికి వెడల్పైన, ఎత్తైన హ్యాండిళ్లు. 1976లో మొదలైన వాళ్ల పందేనికి రీప్యాక్ అని పేరు. దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు కాలి గ్రీజంతా ఆవిరైపోయేది, మళ్లీ కూరాల్సి వచ్చేది. అందుకా పేరు. పందేలు ముదిరాక, 1990లలో, హ్యాండిల్ కిందికి దిగింది, సన్నబడింది, స్టెమ్ పొడుగైంది. ఆ కాలపు సైకిల్ ఎవరైనా చవగ్గా ఇస్తానన్నా మెడనొప్పి ఉన్నవాళ్లు తీసుకోవద్దని నా మనవి.

అలాగని పూర్తిగా నిటారుగా కూర్చోబెట్టే సైకిల్ కూడా మంచిది కాదు. చిన్నప్పుడు కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేర్చుకున్న మా నాన్న సైకిల్ సీటు కింద రెండు పెద్ద స్ప్రింగులుండేవి. అవి ఊరికే పెట్టినవి కావు. నిటారుగా కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల మీదే ఉంటుంది, ప్రతి గతుకూ సూటిగా వెన్నులోకి పోతుంది. కొంచెం ముందుకు వాలి, మోచేతులు వదులుగా వంచి కూర్చుంటే ఆ దెబ్బలో కొంత చేతులు, కాళ్లు పంచుకుంటాయి. హ్యాండిల్ సీటుతో సమానంగా గానీ, రెండు మూడు సెంటీమీటర్లు పైన గానీ ఉండటం నాకు కుదిరింది.

రెండోసారి కొనేటప్పుడు కొట్లో కూర్చుని చూడటంతో సరిపెట్టుకోలేదు. అరగంట తొక్కనివ్వమని అడిగాను. అయిదు నిమిషాల్లో ఏ మెడా నొయ్యదు. నెమ్మదిగా తొక్కుతూ, వేళ్లు హ్యాండిల్‌కు తాకీతాకనట్టు అరచేతులు ఎత్తి చూశాను. ఒళ్లు ముందుకు తూలితే బరువు చేతుల మీదుందన్నమాట. తొక్కి చూసిన మూడు సైకిళ్లలో రెండు అక్కడే ఆగిపోయాయి.

నేను తెచ్చుకున్నది ముందు ఫోర్కులో మాత్రమే షాక్ ఉన్న హార్డ్‌టెయిల్, 29 అంగుళాల చక్రాలది. వెనక కూడా షాక్ ఉన్నది హాయిగానే ఉంటుంది. కానీ బరువెక్కువ, ధర చాలా ఎక్కువ, వానాకాలం బురదకు దాని బేరింగులు పాడవుతుంటాయి. రోజూ రాళ్లదారే అయితే తప్ప ఆ డబ్బు ఖర్చు పెట్టమని నేను చెప్పలేను. ఫోర్కు మాత్రం గాలితో పనిచేసేది తీసుకున్నాను. మన బరువుకు తగ్గట్టు అందులో గాలి ఎక్కించుకోవచ్చు, తీసుకోవచ్చు. కూర్చోగానే అది మొత్తం దిగగలిగే దూరంలో అయిదో వంతో, నాలుగో వంతో కుంగాలి. చవక స్ప్రింగు ఫోర్కులు సన్నగా ఉన్న మనిషికి సరిగా దిగవు.

అన్నిటికన్నా చవకైన సుఖం టైరులో ఉంది. నావి 2.35 అంగుళాల వెడల్పువి. పాత అలవాటుకొద్దీ రాయిలా గట్టిపడేదాకా, 45 పీఎస్‌ఐ గాలి కొట్టేవాణ్ని. కొంచెం కొంచెంగా దించుకుంటూ 25కు వచ్చాను. నా బరువు 74 కిలోలు. నార్సింగి దగ్గర వరసగా వచ్చే చిన్న స్పీడ్ బ్రేకర్లు నడుములో గుచ్చుకోవడం ఆ రోజే తగ్గింది. పంపు తప్ప ఇంకేమీ అక్కర్లేని పని. ట్యూబులున్న చక్రంలో మరీ దించితే రిమ్ము తగిలి పంక్చరవుతుంది, అంతవరకే జాగ్రత్త.

సీటు ఎత్తు విషయం ఎవరికి వారు చూసుకోవాలి. మడమను పెడల్ మీద పెడితే కింది చివర కాలు తిన్నగా చాపుకోవాలి. అంతకంటే ఎత్తయితే తొక్కేటప్పుడు నడుం అటూ ఇటూ ఊగి, రాత్రికి నొప్పి తెలుస్తుంది.

మా వీధి చివర సైకిల్ మెకానిక్‌ను అందరం భాయ్ అంటాం. నలభై ఏళ్లుగా ఇదే పని. కొత్త సైకిల్ తెచ్చిన రోజు, హ్యాండిల్ పైన గొట్టం పొడుగ్గా మిగిలి చూడ్డానికి బాగోలేదని, కోసేయమన్నాను. రంపం తీయలేదు.

"కోస్తే మళ్ల అతకది సార్. రింగులు పైనున్నయి కిందికి మార్చుకుంటే హ్యాండిల్ లేస్తది. ఇయ్యాల మీకు ఇది చాలు. రేపటి సంగతేంది?"

అప్పటికి ఒక రింగు కిందికి మార్చి, 40 మిల్లీమీటర్లు పైకి లేచిన హ్యాండిల్ వేసి ఇచ్చాడు. పోయిన చలికాలం వికారాబాద్ అనంతగిరి మట్టిదారిలో ముప్పై కిలోమీటర్లు తిరిగాను. ఇరవై దాటాక మెడ కొంచెం బిగిసింది. తిరిగొచ్చాక ఇంకో రింగు దించమన్నాను. స్టెమ్ పైన ఇప్పటికి రెండు మిగిలాయి.