బ్లెండర్ కలిపే నీళ్లు

విస్కీలో నీళ్లు పోస్తే పాడైపోతుందనేవాళ్లు స్కాట్లాండ్‌లో రకరకాల విస్కీలను కలిపే నిపుణుడు, అంటే బ్లెండర్, పని చూడాలి. పీపా నుంచి తీసిన నమూనాను మూతి సన్నగా ఉన్న గ్లాసులో పోసి, ఆల్కహాల్ 20 శాతం దరిదాపులకు దిగేదాకా నీళ్లు కలుపుతాడు. తాగడు, వాసన చూస్తాడు. ఘాటు తగ్గాకే పొగ, పండు, వెనిలా ముక్కుకు విడివిడిగా అందుతాయి. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కంప్యూటర్ లెక్కలతో తేల్చిందీ ఇలాంటిదే: పలచనైతే పొగవాసననిచ్చే గ్వయకాల్ అనే పదార్థం ద్రవం పైపొరకు చేరుతుంది.

మరి డబ్బు పెట్టి కొన్నది పలచన చేసుకోవడమెందుకంటారా? సీసాలోని 40 శాతం సరుకు కూడా ఫ్యాక్టరీలో నీళ్లు పడ్డాకే అక్కడికి దిగింది. ఐస్ సంగతి వేరు, చల్లదనం వాసనను అణిచేస్తుంది. మే నెల హైదరాబాద్‌లో సోడా, ఐస్ దట్టించుకునేవాళ్లతో నాకు పేచీ లేదు, వాళ్లు తాగేదే చల్లదనం కోసం. కాకపోతే దానికి ఖరీదైన సింగిల్ మాల్ట్ ఎందుకో!