ఐదు ప్రశ్నల మంత్రం

సమాధి తవ్వి శవాన్ని లేపారు. పాత యుద్ధంలో చచ్చిన ఆ వీరుడికి ఒక శిరస్త్రాణం జాడ తెలిసి ఉండాలి. మంత్రానికి ఒకటే షరతు: శవం ఐదు ప్రశ్నలకు జవాబిస్తుంది, ఆ తర్వాత మళ్లీ లేవదు. పని మొదలుపెట్టే ముందు ముఠా నాయకుడు, ఐదే కదా అని ఖాయం చేసుకోబోతాడు. శవం ఔనంటుంది. ఒకటి పోయింది. ఇదీ లెక్కలోకేనా అని కంగారుపడతాడు. రెండోదీ పోయింది. ఇంకో సమాధి తవ్వాలి, ఆ తర్వాత మరోటి.

2023 మార్చిలో విడుదలైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్: ఆనర్ అమాంగ్ థీవ్స్’ సినిమాలోది ఈ సన్నివేశం. దర్శకులు జొనాథన్ గోల్డ్‌స్టీన్, జాన్ ఫ్రాన్సిస్ డేలీ. చందమామలో బేతాళ కథలు చదివి పెరిగిన మనకు శవం మాట్లాడటం కొత్త కాదు. అక్కడ ప్రశ్న బేతాళుడిది, మౌనం విక్రమార్కుడిది. ఇక్కడ అడగాల్సినవాళ్లు బతికున్నవాళ్లు. కానీ మెలిక రెండుచోట్లా ఒకటే, నోరు విప్పితే నష్టం. ఈ సన్నివేశంలో నన్ను కట్టిపడేసేది దాని పుట్టుక. నవ్వించడానికి రచయితలు ఆ షరతును కల్పించలేదు. ఐదు ప్రశ్నల నియమం సినిమాకు మూలమైన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలోదే, రూల్ బుక్‌లో మంత్రం వివరణ కింద ఉన్నదే. ఆ ఒక్క వాక్యాన్ని తీసుకుని, తొందరపాటు మనుషుల చేతిలో పడితే ఏమవుతుందో చూపించారు.

ఆ ఆట 1974లో అమెరికాలో వెలువడింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరు దాని పుట్టిల్లు. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని కర్తలు. మొదటి విడత వెయ్యి పెట్టెలు, ఒక్కోదాంట్లో మూడు చిన్న పుస్తకాలు. బోర్డు ఉండదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ చేరతారు. ఒకరు కథ నడుపుతారు, వారిని డీఎం అంటారు. మిగతావాళ్లకు తలో పాత్ర. మన ఇళ్లలో పెద్దవాళ్లు కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడతారు. ఇక్కడ ఊఁ కొట్టాల్సినవాళ్లే కథలోకి దూరి, ‘నేను ఆ తలుపు జోలికి పోను, కిటికీలోంచి దూకుతా’ అంటారు. క్షేమంగా దూకగలిగారా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. శకుని పాచికల్లా అది ఎవరి మాటా వినదు, డీఎం మాటతో సహా.

1997లో ఈ ఆటను విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కొంది, 1999లో ఆ కంపెనీని హాస్‌బ్రో కొంది. బల్లమీది ఆటను పెద్ద వినోద బ్రాండ్‌గా పెంచాలన్నది యాజమాన్యం కోరిక. కోరిక సబబే. అయితే ఇక్కడ అమ్మేదేమిటి? డ్రాగన్లు, మాంత్రికులు, భూగర్భ కోటలు ఎవరి కథలోనైనా ఉంటాయి. 2000లో ఇదే పేరుతో వచ్చిన సినిమాలో జెరెమీ ఐరన్స్ అంతటి నటుడున్నా అది నిలబడలేదు. అందులో డ్రాగన్లున్నాయి, బల్ల లేదు. ఈ ఆటకున్న అసలు ఆస్తి నా దృష్టిలో ఆ బల్లే. వేసుకున్న ఎత్తు పాడవడం, పాడైన చోటి నుంచే కథ చిగురించడం అక్కడే జరుగుతాయి.

2023 సినిమా తీసినవాళ్లకు ఈ గుట్టు తెలుసు. పాతాళంలో ఒక వంతెన ఉంటుంది. ఎక్కడెక్కడ అడుగు వేస్తూ దాన్ని దాటాలో ధర్మనిష్ఠ గల యోధుడు ఓపిగ్గా వివరిస్తుంటాడు. ఆయన ముగించేలోపే కుర్ర మాంత్రికుడు చూసుకోకుండా కాలు మోపుతాడు, వంతెన కాస్తా కూలిపోతుంది. వారమంతా కూర్చుని ఒక చిక్కుముడి అల్లుకొచ్చిన డీఎం మొహం అలాంటప్పుడు ఎలా ఉంటుందో ఆడినవాళ్లు ఇట్టే ఊహించగలరు. అప్పుడు, అంతదాకా ఎవరూ పట్టించుకోని ఒక చేతికర్ర మహిమ గలదని తేలుతుంది. ఆట ఆగిపోకుండా డీఎం అప్పటికప్పుడు చేయి అందించినట్టే ఉంటుంది. తెరమీద డీఎం లేడు, పాచికా లేదు. అయినా పాచిక దొర్లిన చప్పుడు నాకు వినిపించింది. వసూళ్లు 20 కోట్ల డాలర్లు దాటినా పెట్టిన ఖర్చుకు అవి చాలలేదు. పనితనానికి ఆ లెక్కతో సంబంధం లేదు.

అదే ఏడాది ఆగస్టులో ఈ ఆట ఆధారంగానే వీడియో గేమ్ ‘బాల్డర్స్ గేట్ 3’ వచ్చింది. బెల్జియంలోని గెంట్ నగరానికి చెందిన లారియన్ స్టూడియోస్ దాన్ని తయారుచేసింది. కావలివాణ్ణి మాటలతో ఒప్పించాలన్నా, తాళం తీయాలన్నా తెర నడిమికి పెద్ద పాచిక వస్తుంది. పైన మనం అందుకోవలసిన అంకె, కింద మనకు కలిసొచ్చే బలాలు. క్లిక్ చేస్తే పాచిక దొర్లి ఆగుతుంది. కావలసింది 12, పడింది 9. అక్కడితో తీర్పు రాదు. మాటకారితనానికి వచ్చే 2 కదిలివచ్చి కలుస్తుంది, 11. తోటివాడి దీవెనగా ఇంకో చిన్న పాచిక కలుస్తుంది. గట్టెక్కాం! కంప్యూటర్‌కు ఈ కూడిక రెప్పపాటు పని కూడా కాదు. బల్ల దగ్గర వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టుకునే ఆ ఆలస్యాన్ని, అందులోని ఉత్కంఠను పనిగట్టుకుని చెక్కిపెట్టారు.

1 పడితే మాత్రం ఎంత బలమున్నా ఓటమే. ఈ గేమ్‌కు ఆధారమైన ఐదో కూర్పు రూల్ బుక్‌లో ఇలాంటి పరీక్షలకు ఆ నియమం లేదు. చాలా బల్లల దగ్గర మాత్రం అది ఆనవాయితీ. లారియన్ పుస్తకాన్ని వదిలి ఆనవాయితీని పట్టుకుంది. ఆటను రాసినవాళ్ల మీద ఎంత గౌరవముందో, ఆడేవాళ్ల మీదా అంత ఉందనడానికి ఇంతకంటే ఏం కావాలి! శవాన్ని పలికించే మంత్రం ఇక్కడా ఉంది, ఐదు ప్రశ్నలూ ఉన్నాయి. చంపింది మనమే అయితే శవం మనతో మాట్లాడదు. వేషం మార్చుకుని వెళితే పలుకుతుంది. సినిమా నవ్వించిన నియమంతోనే ఈ గేమ్ మనిషిని నేరస్థుణ్ణి చేసి నిలబెట్టింది.

మరి ఈ బ్రాండ్ రేపటి మాట? 2023 జనవరిలో కంపెనీ ఒక పెద్ద తప్పటడుగు వేసింది. 2000 నుంచి ఇతరులు ఈ నియమాల మీద సొంత పుస్తకాలు రాసుకోనిచ్చిన లైసెన్స్‌ను బిగించాలని చూసింది. ఆటగాళ్లు భగ్గుమన్నారు. జనవరి 27న వెనక్కి తగ్గి, మూల నియమాలను క్రియేటివ్ కామన్స్‌లో పెట్టింది. వాటిలో మన ఐదు ప్రశ్నల మంత్రం కూడా ఉంది. మూలం పేర్కొని ఎవరైనా వాడుకోవచ్చు. అంటే కంపెనీ చేతిలో మిగిలింది పేర్లు, ఊళ్లు, పాత్రలు. నియమాలు ఊరి చెరువు నీళ్లయ్యాయి. నాకది నష్టంగా కనిపించదు.

పక్కన ఇంకో పంట ఎదుగుతోంది. ‘క్రిటికల్ రోల్’ పేరుతో కొందరు డబ్బింగ్ కళాకారులు 2015 నుంచి ఈ ఆటను జనం చూస్తుండగా ఆడుతున్నారు. 2019లో ఒక చిన్న కార్టూన్ చిత్రానికి ఏడున్నర లక్షల డాలర్లు అడిగితే, అభిమానులు కోటీ 13 లక్షలు ఇచ్చారు. 2025లో వాళ్లు ‘డాగర్‌హార్ట్’ అనే సొంత ఆట తెచ్చారు. అందులో పన్నెండు ముఖాల పాచికలు రెండు, ఒకదాని పేరు ఆశ, రెండోదాని పేరు భయం. రెండూ కలిపి వేస్తారు. మొత్తం సరిపోతే పని అవుతుంది. కానీ ఆశ కంటే భయం మీద పెద్ద అంకె పడితే, పనితోపాటు ఒక చిక్కూ వచ్చి పడుతుంది. తాళం తెరుచుకుంటుంది, మెట్లమీద ఎవరివో అడుగుల చప్పుడు. గెలుపు, ఓటముల మధ్య ఉండే ఆ సందు, మంచి డీఎంలు అనుభవంతో పట్టుకునేది, ఇప్పుడు పాచికలోకే ఎక్కింది. ఇలాంటి పనిమంతులు బల్ల దగ్గర ఉన్నంతకాలం పేరు ఎవరి చేతిలో ఉందన్నది నాకు రెండో సంగతి.

సినిమా చివర, పేర్లు పడుతున్నప్పుడు, ఆ శ్మశానాన్ని ఇంకోసారి చూపిస్తారు. ముఠా తనకు కావలసింది తెలుసుకుని ఎప్పుడో వెళ్లిపోయింది. లేపిన శవాల్లో ఒకదానికి నాలుగు ప్రశ్నలే అయ్యాయి. అది ఇంకా కళ్లు తెరుచుకుని ఐదోదాని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.