వన్స్‌మోర్‌లతో సహా

ఆలూరు పక్క పల్లెలో తేరు మరునాటి రాత్రి ఆడిన హరిశ్చంద్ర నాటకం కాటిసీనును, ఆడినచోటే రికార్డు చేసి, ఉన్నదున్నట్టు విడుదల చేస్తున్నారు. స్టూడియోకు తీసుకెళ్లి మళ్లీ పాడించలేదు. నా మొదటి అభినందన ఆ నిర్ణయానికే.

78 ఆర్‌పీఎం గ్రామఫోను ప్లేటుకు ఒకవైపు పట్టేది సుమారు 3 నిమిషాలు. పద్యం ఎత్తుకుని రాగంలోకి దిగేలోపే అయిపోయేది. తర్వాత క్యాసెట్లలో డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్రుణ్ణి అరిగేదాకా విన్నాం. గొంతు దొరికింది గానీ ఎదుటి సభ అంతగా దొరకలేదు. ఈ రికార్డులో సభ ఉంది. ‘వన్స్‌మోర్’ కేక పడగానే హార్మోనియం మళ్లీ శ్రుతి అందుకోవడం వినపడుతుంది. మొదటిసారి రాగం చూపించిన నటుడు రెండోసారి మాట పలికాడు. నాకు ఆ రెండోసారిదే నచ్చింది.

ఆ నటుడు పెద్దవాడైపోయాడు. పైస్థాయి అందదు, అందుకోవాలని పెనుగులాడడు కూడా. కన్నకొడుకు శవానికి కాటిసుంకం అడగవలసిన మనిషి గొంతు నున్నగా ఉంటే నేను నమ్మను.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలోని ఈ సీనులోకి గుర్రం జాషువా గారి శ్మశాన పద్యాలు వచ్చి చేరాయి. అంటరానితనం అనుభవించిన కవి, రాజునూ బిచ్చగాణ్ణీ ఒకే మట్టిలో పడుకోబెట్టాడు. కులం చూసి కూర్చునే ఊళ్లు కూడా ఆ పద్యాలను మళ్లీ మళ్లీ పాడించుకున్నాయి. మన రంగస్థలం మీద ఇంతకన్నా పెద్ద తిరుగుబాటు నాకు కనపడదు.

మన ప్రాంతానికి నాటకం కొత్త కాదు. 1953 అక్టోబరు 1 దాకా ఆలూరు, ఆదోని బళ్లారి జిల్లావే. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ గార్ల నాటకాలు మనకు పొరుగూరి సంగతి. పాటకన్నా నటన ముఖ్యమన్న రాఘవ గారి కొలతతో చూసినా ఈ హరిశ్చంద్రుడు నిలుస్తాడు.

ఒక్క కోరిక. చంద్రమతి ఏడుపు మైకుకు దూరమై సగం గాలిలో పోయింది. ఆ తల్లి పద్యాలు అంత బాగా పాడింది కదా, వచ్చే తేరుకు ఆమెకు వేరే మైకు పెట్టించండి.