పుట్టింటి నీటి వాసన

మా మేనమామ అరచేతుల్లో ఒక చెరువు ఉండేది.

ఆదివారం పొద్దుగూకే వేళ లాలాగూడ రైల్వే క్వార్టర్స్ గుమ్మం ముందు సైకిలు దిగి ఆయన నా తల నిమిరేవాడు. ఆ ఒక్క నిమురుతో నా జుట్టంతా హుస్సేన్ సాగరమైపోయేది. ఒండ్రు మట్టి, తుంగ వేళ్లు, పచ్చి నాచు, చేప పొలుసు, ఎండకు కాగి నీటికి చల్లారిన పడవ కొయ్య... ఇవన్నీ ఒకదానిలో ఒకటి కరిగి ఒకే వాసనగా వచ్చేవి. దానికి పేరు లేదు. అమ్మ చీరచెంగు వాసనకు మాత్రం ఎవరు పేరు పెట్టారు? రాత్రి నిద్రలో ఆ వాసన నా దిండు మీదికి జారేది. తెల్లవారేసరికి నా కలలకు మొప్పలు మొలిచేవి.

ఆ వాసన చచ్చిపోయింది. దాని కోసమే ఈ ఏడుపు.

హుస్సేన్ సాగరమా! నిన్ను నగరం నడుమ ఉన్న చెరువంటారు గాని, నీ నడుమే నగరాలు పుట్టాయి. 1562లో ఇబ్రహీం కుతుబ్ షా ఏలుబడిలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో నువ్వు కట్ట కట్టుకుని నిండుకుండవయ్యావు. చార్మినార్ నీడ నేల మీద పడటానికి అప్పటికింకా 29 ఏళ్లుంది. మా సికింద్రాబాద్ మరీ పసిది. 1806లో సికిందర్ జా పేరు పెట్టుకుని, ఇంగ్లీషు పటాలం గుడారాల మధ్య కళ్లు తెరిచింది. ఇద్దరు బిడ్డలను చెరో చంకన ఎత్తుకున్న తల్లివి నువ్వు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రాకముందు నీ నీళ్లే ఈ గడ్డ గొంతు తడిపాయి. ఆకలేసినప్పుడు బిడ్డ ముందుగా గుర్తుపట్టేది తల్లి వాసననే. నీ బిడ్డలం మేము కూడా అలాగే నిన్ను గుర్తుపట్టేవాళ్లం.

మామయ్య గాలం సరంజామా చూస్తే అదొక చిన్న సంసారం. మోండా మార్కెట్లో ఏరి ఏరి కొన్న సన్నని వెదురు గడ. తన చేత్తో చెక్కిన జీలుగు బెండు. సీసం కరిగించి పోసిన శనగగింజంత గుండ్లు. కొబ్బరి చిప్పలో తడిమట్టి, ఆ మట్టిలో ఎర్రలు. ఇంకో పొట్లంలో ఇంగువ కలిపిన పిండి ముద్ద. గంగపుత్రుల పెద్దాయన ఒకరు మామయ్యకు స్నేహితుడు. ఆయన చిన్న నాటుపడవలో, తెడ్డు చప్పుడు తెడ్డుకే వినబడనంత మెల్లగా, ముగ్గురం నీటి నడిబొడ్డుకు చేరేవాళ్లం. ఉదయం ఇంకా రంగు కలుపుకుంటూ ఉండేది. మంచుతెర వెనక కొంగలు తెల్లని ప్రశ్నల్లా నిలబడి ఉండేవి.

"దారం మీద వేలు తీయకురా. నీళ్లు మాట్లాడతయ్," అనేవాడు మామయ్య.

నిజంగానే మాట్లాడేవి. పరిగె పిల్లలది గుసగుస. బొచ్చెది బరువైన లాగుడు, పెళ్లి పెద్ద కండువా సర్దుకున్నట్టు. కొరమీనుది కోపం, దారమంతా ఒక్కసారిగా నిప్పు. జెల్ల వచ్చి ఎరను రుచి చూసి మరచిపోయినట్టు వెళ్లిపోయేది. ఆ దారం నీటికీ మనిషికీ మధ్య వేసిన నూలుపోగు. దానికి అటువైపు ప్రాణం, ఇటువైపు ప్రాణం. మధ్యలో అబద్ధానికి చోటు లేదు. జానెడు కన్నా చిన్న చేప పడితే మామయ్య గాలం విడిపించి, తడి చేత్తోనే నీటిలోకి వదిలేవాడు. "పిల్లను తీసుకపోతే తల్లి చెరువు లెక్క రాసుకుంటది," అనేవాడు. పొట్టకు సరిపడా తీసుకో, తీసుకున్నది తిను, తిన్నాక చెయ్యి కడుక్కునే ముందు ఒక్కసారి వాసన చూసుకో. ఆయన వేదాంతం అంతే. ఆ సాయంత్రం అత్తయ్య చింతపండు పులుసులో ఆ చేప ముక్కలు ఉడుకుతుంటే, చెరువే మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుండేది.

మాకంటే ముందు ఈ దేశపు నీళ్లలో గాలం వేసిన పరాయివాళ్ల బాధ నాకు ఆలస్యంగా అర్థమైంది. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెచ్.ఎస్. థామస్ 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా', 1887లో 'ట్యాంక్ ఆంగ్లింగ్ ఇన్ ఇండియా' అని రెండు పుస్తకాలు రాశాడు. రెండోది మన చెరువుల్లో గాలం వేసే విద్య గురించే. ఆ కాలపు దొరలు మన నదుల్లోని మహసీర్‌ను తమ సాల్మన్‌తో పోల్చుకుని మురిసేవారు. కోస్తాలో మనం మాగ అని పిలిచే చేపకు 'ఇండియన్ సాల్మన్' అని పేరు పెట్టారు. ఏలడానికి వచ్చినవాళ్లే అయినా, పరాయి నీటిలో పుట్టింటి చేపను వెదుక్కున్నారు. ఏ మనిషికైనా ఊరంటే ముందు ఒక నీరు, ఆ నీటిలో ఒక చేప.

ఆ సాల్మన్‌ను నేను ముట్టుకునే రోజు కూడా వచ్చింది. అమ్మాయి సియాటెల్‌లో స్థిరపడింది. ఒక జులై వేకువన అల్లుడు నన్ను ఎడ్మండ్స్ రేవు నుంచి చిన్న అల్యూమినియం పడవలో ప్యూజెట్ సౌండ్ మీదికి తీసుకెళ్లాడు. పడమట ఒలింపిక్ కొండలు మంచు పాగాలు చుట్టుకుని కూర్చున్నాయి. సముద్రం భూమిలోకి చొచ్చుకొచ్చి, చెరువులా అణకువ నేర్చుకున్న చోటు అది. మోటారును గొణుగుడు స్థాయికి తగ్గించి, వెండి రేకు లాంటి మెరుపు పలకను, దాని వెనక హెర్రింగ్ చేప ఎరను లోతుకు దించాడు. గాలం మొనకు వెనక్కి తిరిగిన ముల్లు లేదు. అలాంటి ముల్లున్న గాలంతో అక్కడ సాల్మన్ పట్టకూడదట.

గడ వంగింది. నా బొటనవేలి కింద, అరవై ఏళ్ల తర్వాత, మళ్లీ నీళ్లు మాట్లాడాయి.

చినూక్ సాల్మన్. పడవ పక్కన నీటి అంచుకు వచ్చి ఒరిగినప్పుడు, దాని వీపు మీద వాన రాబోయే ఆకాశం కనిపించింది. అల్లుడు వంగి తోక ముందున్న చిన్న కొవ్వు రెక్క కోసం చూశాడు. హేచరీలో పెంచిన పిల్లలకు ఆ రెక్క కత్తిరించి వదులుతారు. దీనికి రెక్క ఉంది. "ఇది అడవి చేప మామయ్య గారూ, పడవలోకి కూడా ఎత్తకూడదు," అంటూ నీటిలోనే గాలం విడిపించాడు. ప్యూజెట్ సౌండ్ చినూక్ ప్రమాదంలో ఉన్న జాతి అని 1999లోనే అక్కడి ప్రభుత్వం చట్టంలోకి ఎక్కించింది. చేప ఒక్క తోక విసురు విసిరి లోతుల్లోకి వెళ్లిపోయింది. నా ముఖం మీద పడిన చుక్కలను తుడుచుకోబోయి ఆగాను. అరచెయ్యి ముక్కుకు ఆనించుకున్నాను. ఉప్పు, నాచు, పొలుసు... దేశం వేరు, జాతి వేరు. అయినా లాలాగూడ గుమ్మంలో సైకిలు ఆగిన చప్పుడు వినబడింది.

ఆ వయసులో పడవలో కూర్చుని ఎందుకేడ్చానో అల్లుడికి చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

సాల్మన్ ఏటిలో పుడుతుంది, సముద్రానికి వలసపోతుంది, ఏళ్ల తర్వాత గుడ్లు పెట్టడానికి పుట్టిన ఏటికే తిరిగి వస్తుంది. ఎర్రనీటి వేళ ఉప్పునీరు వదిలి గోదావరికి ఎదురీదే మన పులసకు అది దూరపు చుట్టం. వేల వాగుల్లో తన వాగేదో ఎలా పోల్చుకుంటుంది? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు ఆర్థర్ హాస్లర్‌కు ఈ ప్రశ్నకు జవాబు ప్రయోగశాలలో దొరకలేదు. తాను పెరిగిన యూటా కొండల్లో నడుస్తుంటే, ఇంకా కంటికి కనబడని జలపాతం నుంచి నాచు వాసన, పూల వాసన గాలిలో తేలివచ్చి, మరచిపోయిన బాల్యమంతా ఒక్కసారిగా లేచి నిలబడింది. మనిషికే ఇలా ఉంటే చేపకు? 1951లో అతనూ అతని శిష్యుడూ ఆ ఊహను లోకం ముందు పెట్టారు. ప్రతి ఏటికీ దాని మట్టిదీ మొక్కలదీ అయిన వాసన ఉంటుందని, పసిచేప దాన్ని మనసులో అచ్చువేసుకుంటుందని, పెద్దయ్యాక ఆ వాసన పట్టుకునే ఇల్లు చేరుతుందని. ఒక మనిషి ఇంటిబెంగలోంచి ఒక చేప రహస్యం బయటపడింది.

కాని 1970ల్లో మిషిగన్ సరస్సు దగ్గర చేసిన ప్రయోగం నా గుండెలో ముల్లైంది. కోహో సాల్మన్ పిల్లలకు ప్రకృతిలో లేని ఒక రసాయనపు వాసన చూపించి సరస్సులోకి వదిలారు. అవి పెద్దవయ్యాక ఆ రసాయనాన్నే ఒక ఏటిలో చుక్కలుగా కలిపారు. చేపలు ఆ ఏటికే వచ్చాయి. అమాయక ప్రాణికి పసితనంలో ఏ వాసన నేర్పితే అదే పుట్టిల్లు. విషమైనా సరే.

అమ్మా హుస్సేన్ సాగరమా! ఇప్పుడు నీకు ఏ వాసన నేర్పాం?

కూకట్‌పల్లి నాలా, పికెట్ నాలా, బంజారా నాలా, బల్కాపూర్ నాలా. ఒకనాడు నీకు వాన వార్తలు మోసుకొచ్చిన నాలుగు చేతులవి. ఇప్పుడవి ఊరి మురుగునూ పరిశ్రమల మడ్డినీ తెచ్చి నీ నోట్లో పోస్తున్నాయి. మురుగు తిన్న నాచు పెచ్చుపెరిగి నిన్ను ఆకుపచ్చని జ్వరంలో ముంచుతుంది. పగలంతా ఆ నాచు ఊపిరి వదులుతుంది, రాత్రంతా ఆ ఊపిరినే తిరిగి తాగేస్తుంది. తెల్లవారుజామున, మేము పడవ ఎక్కే ఆ వేళకే, నీటిలో ప్రాణవాయువు అడుగంటుతుంది. చేపలు నోళ్లు పైకెత్తి ఆకాశాన్ని అడుక్కుంటాయి. ఎండ ఎక్కేసరికి కట్ట వెంబడి తెల్లని పొట్టలు తేలుతాయి. 1990 మార్చిలో పడవ మీంచి జారి, కొన్ని ప్రాణాలను కూడా తీసుకుని నీ అడుగుకు చేరిన ఏకశిలా బుద్ధుడు, 1992లో పైకి వచ్చి నీ నడుమ నిలబడ్డాడు. నీ అడుగున పేరుకున్నదేమిటో ఆ అరమోడ్పు కళ్లకు తెలుసు. 2006లో జపాన్ రుణం తెచ్చి నిన్ను కడగబూనారు. పూడిక తీశారు, మురుగును మళ్లించబోయారు. అయినా నీ ఒంటికి నీ వాసన తిరిగి రాలేదు.

సియాటెల్ నుంచి తిరిగొచ్చాక ఒక సాయంత్రం, మా అబ్బాయి కారులో మనవరాలిని ఒళ్లో పెట్టుకుని రాణీగంజ్ మీదుగా వస్తున్నాను. పిల్ల నిద్రమత్తులో ఉంది. కళ్లు తెరవలేదు. కిటికీ సందులోంచి గాలి వచ్చింది. ఆ గాలి ఎలాంటిదో ఈ ఊళ్లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. పిల్ల ముక్కు చిట్లించనైనా లేదు. కళ్లు మూసుకునే నవ్వింది.

"తాతయ్యా, ట్యాంక్‌బండ్ వచ్చేసింది."

ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది. వాసన పోయిందని ఇన్నాళ్లూ ఏడ్చాను. పోవడం కాదు, మారిపోవడం జరిగింది. మడ్డి వాసనే ఆ పసిదానికి ఇంటి వాసనైపోయింది. రేపు ఆ పిల్ల ఏ సముద్రాలు దాటినా, ఎక్కడో ఒక మురుగు కాలువ పక్క నడుస్తూ చటుక్కున ఆగి, కళ్లు చెమ్మగిల్లి, 'మా సికింద్రాబాద్' అనుకుంటుందేమో! నా బిడ్డల బిడ్డకు నేనిచ్చిన ఆస్తి ఇదా?

సియాటెల్‌కు పడమట ఎల్వా అనే నది ఉంది. దాదాపు 100 ఏళ్లు రెండు ఆనకట్టలు దాన్ని బంధించాయి. సాల్మన్ కింది కట్ట గోడ దాకా వచ్చి ఆగిపోయేది. 2011లో ఆ గోడలను పగలగొట్టడం మొదలుపెట్టి 2014కు పూర్తి చేశారు. పనులు ఇంకా సాగుతుండగానే, 2012లోనే, కింది గోడ ఉన్న చోటు దాటి చినూక్ పైకి ఈదింది. గోడ దారిని ఆపగలిగింది గాని, దాని మీదుగా జారే నీటి వాసనను ఆపలేకపోయింది. అక్కడ దారి పోయినా వాసన మిగిలింది. అందుకే ఇల్లు మిగిలింది. మా చెరువుకు వెళ్లే దారికి అడ్డుగోడ ఏదీ లేదు, నలువైపులా రోడ్లే, రోడ్ల నిండా దీపాలే. వాసన ఒక్కటే లేదు.

కట్ట మీద విగ్రహాలకు పూలదండలు వేసే చేతులారా, నీటి మీద రంగుల వెలుగులు చిమ్మే చేతులారా, ఆ నాలుగు నాలాల దగ్గరకు ఒక్కసారి రండి. చెరువుకు అలంకారం వద్దు. నీటికి నీటి వాసన రానివ్వండి చాలు. చేపలకు కబురు అదే పంపుకుంటుంది.

మామయ్య పోయి చాలాకాలమైంది. ఆయన జీలుగు బెండు ఒకటి నా దగ్గర రేకు డబ్బాలో ఉంది. మొన్న మనవరాలికి చూపించాను. గుప్పిట్లో ఇమిడే ఆ తెల్లని ముక్కను అటూ ఇటూ తిప్పింది. పిల్లలు దేన్నైనా చేసినట్టే ముక్కు దగ్గర పెట్టుకుంది. నేను ఊపిరి బిగబట్టాను.

"ఏం వాసన వస్తుందమ్మా?"

చాలాసేపు చూసింది. మళ్లీ పీల్చింది.

"ఏమీ రావట్లేదు తాతయ్యా. ఇది ఏ వాసన రావాలి?"

చెప్పడానికి నా దగ్గర ఆ వాసనకు పేరు లేదు. చూపించడానికి ఈ ఊళ్లో ఆ నీరు లేదు. పిల్ల గుప్పిటిని నా రెండు అరచేతుల మధ్య పట్టుకుని అలాగే కూర్చున్నాను. మామయ్య చేతుల్లో ఒక చెరువు ఉండేది. నా చేతులు పొడిగా ఉన్నాయి.