మిగిలినవే మనవి

గత ఆదివారమునాడు విశాఖపట్టణమునుండి మా మేనల్లుడు ఫోను చేసి, తన సముద్రపునీటి తొట్టిలో ఒక సన్యాసి పీత హత్య చేసినదని మిక్కిలి ఆగ్రహముతో చెప్పినాడు. "మామయ్యా, నిన్న రాత్రి దాకా ఆ గుల్లలో నత్త ఉంది. పొద్దున్న చూస్తే అందులోంచి పీత కాళ్లు కనబడుతున్నాయి" అన్నాడు. సముద్రమునకు దాదాపు 900 మీటర్ల ఎత్తున, అరకులోయలో కూర్చున్న నాకు ఇట్టి ఫిర్యాదు చేరుట విచిత్రముగా తోచవచ్చును. కాని నత్తలను గూర్చియు సున్నపురాతిని గూర్చియు నాకు గల పక్షపాతము ఈ శీర్షికను వారమువారము చదువువారికి క్రొత్తది కాదు, మా వానికి అసలే కాదు.

వాని తొట్టి 200 లీటర్లది. అద్దములపై గోధుమవన్నె పాచి తొలిసారి పొడసూపగనే వాడు దుకాణమునకు పరుగెత్తగా, అచ్చటివారు తొట్టి ఎన్ని లీటర్లదో మాత్రమే అడిగి, ఆ లెక్కన 20 నత్తలను, 10 పీతలను సంచులలో కట్టి, 'క్లీనప్ క్రూ', అనగా తొట్టిని శుభ్రపరచు పనివారు, అను పేరుతో చేతికిచ్చినారట. తొట్టిలో ఉన్నది ఏ పాచి, ఎంత పాచి, అడుగున ఇసుక ఉన్నదా లేదా అని అడిగినవారు లేరు. పని ఏదో తెలియక పనివారిని కుదుర్చుకొను అలవాటును నేను కాఫీతోటల ప్రస్తావనలో పూర్వమే ఖండించియుంటిని. మరల ఖండింపవలసి వచ్చినది. మూడు వారములు తిరుగునప్పటికి 20 నత్తలలో మిగిలినవి 7.

సన్యాసి పీతను ఇంట చేర్చవద్దని ఈ వారము వ్రాయవలెనని ఫోను పెట్టివేసిన క్షణముననే నిశ్చయించుకొంటిని. ఆ ప్రాణికి ముందుభాగము గట్టి కవచమే గాని, వెనుకనున్న ఉదరము మెత్తనిదై, ఒక ప్రక్కకు మెలిదిరిగి, నత్తగుల్ల లోపలి సుడికి సరిపోవునట్లుండును. తనంతట గుల్ల కట్టుకొను శక్తి దానికి లేదు; నత్త విడిచిన గుల్లయే దానికి ఇల్లు, ఎదిగినకొలది ఇల్లు మార్చుకొనుటయే దాని జీవితమంతటి చింత. పెద్దగుల్ల ఒకటి ఖాళీగా దొరకినపుడు ఒక పీత అందులోనికి మారగా, అది విడిచినదానిలోనికి దానికంటె చిన్నది, ఆ చిన్నది విడిచినదానిలోనికి మరింత చిన్నది ప్రవేశించుటయు కలదు. ఖాళీగుల్ల దొరకనపుడు మాత్రము బ్రతికియున్న నత్తపై పడుటకును వెనుదీయదు. మా వాని ఆరోపణకు ఇంతకంటె ఆధారము అక్కరలేదని నాకు తోచినది.

అట్లు నిశ్చయించి కాగితము ముందు కూర్చుండగా బయట వాన మొదలైనది. వానచప్పుడుతో ముప్పది యేండ్ల క్రిందటి ఒక ఆషాఢమాసపు ఉదయము నా కన్నులయెదుట నిలిచినది. అప్పటికి నేను ఈ కొండలకు క్రొత్త. మా బస క్రిందనున్న మెట్టుమెట్టుగా దిగు మడులలో కొండదొర తెగకు చెందిన అవ్వ ఒకతె, మోకాలిలోతు నీట వంగి, వెదురుబుట్టలో నత్తలను ఏరుచుండెను. చేతికి దొరకినదానినెల్ల బుట్టలో వేసికొనునని అనుకొంటిని. ఆమె అట్లు చేయలేదు. ప్రతి నత్తను నీటిపైకెత్తి వ్రేలితో మూతను తాకును. మూత చటుక్కున బిగిసినచో అది బుట్టకు, వ్రేలు తగిలినను మూత వదులుగానే ఉండిపోయినచో గట్టుకు. బుట్టకు చేరినవానిలో సైతము కొన్నిటిని చేతితో తూచినట్లు పట్టి, కొంతసేపు ఆలోచించి, తిరిగి మడిలోనే విడుచును. ఆ మడినత్తలలో ఒక జాతి గ్రుడ్లు పెట్టక, బియ్యపుగింజంత పిల్లలను గుల్లతోకూడ కడుపుననే మోయునని నేను చాలకాలము తరువాత పుస్తకములో చదివితిని. ఆమెకు ఆ సంగతి చేతిబరువుననే తెలియును. నత్తలను ఒక రాత్రియంతయు మంచినీట ఉంచి, బురద కక్కించి, మరునాడు ఉడికించునని కూడ ఆమెయే చెప్పినది. మడినిండ నత్తలుండగా సగము బుట్టతోనే గట్టెక్కుచున్నదేమని నేను అడిగితిని. "మడికి కావాల్సినవి మడిలోనే ఉండాల బాబూ, మిగిల్నవే మనవి" అన్నది. ఆ పూట నేను చూచిన ఏరుడు ఎంపిక అను మాటకు తగినది. అంతకుముందుగాని ఆ తరువాతగాని అంత శ్రద్ధతో దేనినైనను ఎంచినవారిని నేను చూడలేదు.

ఆ ముసలిచేయి గుర్తునకు రాగానే నా నిశ్చయము సడలినది. మరల ఫోను చేసి, పీత ప్రసక్తి విడిచి, నత్తల సంగతి అడిగితిని. సంచిలోని నీటిని చుక్కచుక్కగా తొట్టినీటికి అలవాటు చేయక తిన్నగా లోపల వదలినానని ఒప్పుకొన్నాడు; ఉప్పుశాతము హఠాత్తుగా మారినచో నత్త ప్రాణము నిలువదు. గోధుమవన్నె పాచి క్రొత్త తొట్టిలో కొద్ది వారములుండి పోవునది. అది పోయిన పిదప అన్ని నోళ్లకు తిండి ఎక్కడిది? రెండు టర్బో జాతి నత్తలు వెల్లకిలపడి రెండు దినములు అట్లే ఉన్నవట. వెల్లకిలపడి తిరుగలేని నత్తను మనిషి చేయి తిరుగవేయవలెను. నత్తలు ఆకటితోను అశ్రద్ధతోను చచ్చినవి. పీత ఆ కళేబరములను కుళ్లనీయక, నీట అమోనియా పెరుగనీయక భక్షించి, ఖాళీయైన గుల్లను తీసికొన్నది. తక్కినవారందరికంటె తన పని తాను చేసినది ఆ పీతయే.

కనుక నేను చెప్పదలచినది ఇది. మొదట పాచి రానిండు. ఏది వచ్చినదో చూడుడు. అద్దముపై పలుచని పొరకు ట్రోకస్ నత్త మేలు, వెల్లకిలపడినను తనంతట తిరిగి లేవగలదు. నెరైట్ కూడ మంచిదే గాని నీటి అంచు దాటి ప్రాకిపోవును. తీగపాచి దట్టముగా పెరిగినప్పుడే టర్బో. ఇసుక ఉన్నచో సెరిత్. ఇసుకలో దాగి, తిండివాసన సోకగనే తొండము వంటి గొట్టమునెత్తి బయటపడు నసేరియస్ మాంసపుతునుకలనే తినును. పాచికొరకు దానిని కొనుట వ్యర్థము. 200 లీటర్లకు అయిదారు నత్తలతో ప్రారంభించినను ఆలస్యము కాదు, తరువాత చేర్చవచ్చును. పీతలు రెండు చాలును. చేపల రోగమునకు రాగి కలిసిన మందు ఆ తొట్టిలో పోసితిరా, పీతయు నత్తయు రెండును చచ్చును. ట్రోకస్ నిలోటికస్ వంటి కొన్ని పెద్దగుల్లల జాతులకు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షణ కల్పించినది గాన, అమ్మువానిని ఇది ఏ జాతి అని అడిగి తీరవలెను.

పీతకు ఇండ్లు కావలెను గదా, భీమిలి తీరమునకు పోయి ఖాళీగుల్లలు ఏరుకొని రమ్మని మా వానికి చెప్పబోయి, మాట మధ్యలో ఆపితిని. అనంతగిరి కొండలలో పుట్టి, బొర్రాగుహల సున్నపురాతిని కరగించుకొనుచు, తాటిపూడి మీదుగా దిగి, గోస్తని నది ఆ భీమిలి దగ్గరనే సముద్రమున కలియుచున్నది. మా కొండల సున్నము ఆ నీట కలిసి, ఏ కొంచెమైనను అక్కడి నత్తగుల్లలలోనికి చేరునని నా చిరకాల విశ్వాసము. ఆ తీరమున ఖాళీగా పడియున్న గుల్ల ఎవరికిని అక్కరలేనిది కాదు. అలల అంచున ఇల్లు చాలక తిరుగు పీతకు అది రేపటి ఇల్లు. ఆ రేవుది ఆ రేవుననే ఉండవలెను. మా పల్లెలో వండి తిన్న నత్తల గుల్లలు పెరటిలో కుప్పపడియున్నవి; పలుచనివే, సముద్రపు గుల్లలంత దృఢమైనవి కావు. వాటిలో పగులనివానిని 15 ఏరి, ఉడికించి, కడిగి, మంగళవారపు బస్సులో మా వానికి పంపితిని. ఈ పంక్తులు వ్రాయు వేళకు పీత వాటిలో రెండింటిని త్రిప్పి చూచినదట, ఇంకను మారలేదు.

భీమిలికి విహారమునకు పోవు పాఠకులారా, ఒడ్డున మంచిగుల్ల కనబడినచో చేతికెత్తి, త్రిప్పి చూచి, ముచ్చట తీరిన పిదప అచ్చటనే ఉంచి రండు.