బోణీకి ముందే బాకీ: 'జోలా' సినిమా, ఒక వ్యాసం, నిండిపోయిన మార్కెట్

'జోలా' సినిమాలో ఒక చిన్న సీన్ ఉంది. టాంపాలో ఒక స్ట్రిప్ క్లబ్బు. జోలా డాన్స్ చేస్తూ ఉంటుంది. ఒక తెల్లాయన దగ్గరికొచ్చి, నోటు ఇస్తూ, నువ్వు అచ్చం వూపీ గోల్డ్‌బర్గ్‌లా ఉన్నావు అంటాడు. ఆయన దృష్టిలో అది మెచ్చుకోలే. జోలా మొహంలో ఏమీ కదలదు.

మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. రెండోసారి చూసినప్పుడు వేరే లెక్క బుర్రలో తిరిగింది. డెట్రాయిట్ నుంచి టాంపాకి రోడ్డు మీద దాదాపు 1,900 కిలోమీటర్లు. మనం హైదరాబాద్‌లో బయల్దేరితే ఢిల్లీ దాటి చండీగఢ్ దగ్గర తేలతాం. అంత దూరం కార్లో కూర్చుని వచ్చింది ఈ నోటు కోసమా? అసలు డాన్స్ చెయ్యడానికి డెట్రాయిట్‌లో క్లబ్బులు లేవా?

సినిమా గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 2015 అక్టోబర్‌లో అజాయా 'జోలా' కింగ్ అనే అమ్మాయి ట్విటర్లో 148 ట్వీట్లలో తన కథ చెప్పింది. కొత్తగా పరిచయమైన అమ్మాయి ఒకతె, ఫ్లోరిడా వెళ్ళి డాన్స్ చేద్దాం, బోలెడు డబ్బులొస్తాయి అంటే నమ్మి వెళ్ళింది. అక్కడ తేలింది ఏమిటంటే, కూడా వచ్చిన 'రూమ్మేట్' నిజానికి ఆ అమ్మాయిని అమ్ముకునేవాడు. ఆ ట్వీట్ల ఆధారంగా జానిజా బ్రావో, జెరెమీ ఓ. హారిస్ స్క్రిప్టు రాశారు, బ్రావో డైరెక్ట్ చేసింది. 2020 జనవరిలో సన్‌డాన్స్‌లో చూపించారు, 2021లో థియేటర్లకొచ్చింది. జోలాగా టేలర్ పేజ్, ఆమెని తీసుకెళ్ళిన స్టెఫనీగా రైలీ కీయో, ఎక్స్ అనే ఆ మనిషిగా కోల్మన్ డొమింగో.

ఈ సినిమా మీద వచ్చిన మాటల్లో ఎక్కువ భాగం రెండు విషయాల చుట్టూ తిరిగాయి. ఒకటి, ట్వీట్లని సినిమాగా మార్చిన పద్ధతి. ట్వీట్లోంచి ఎత్తిన మాట రాగానే ఫోన్ నోటిఫికేషన్ చప్పుడు వినిపించడం లాంటివి. రెండోది, నల్లమ్మాయి కథని ఆమె కళ్ళతోనే చూపించడం. స్టెఫనీ మాట్లాడే అరువు యాస దగ్గర్నించి వూపీ గోల్డ్‌బర్గ్ దాకా, జాతి విషయం ప్రతి సీన్లోనూ ఉంది. ఈ రెండిటి గురించీ నాకు పేచీ లేదు. కానీ కథ మొదలవ్వడానికి కారణమైన ప్రశ్నని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. సినిమా కూడా పట్టించుకోలేదు. టాంపాయే ఎందుకు?

టాంపాకి స్ట్రిప్ క్లబ్బుల ఊరుగా అమెరికాలో బాగా పేరుంది. 1999లో ఆ నగర కౌన్సిల్, డాన్సర్‌కీ కస్టమర్‌కీ మధ్య ఆరడుగుల దూరం ఉండాలని రూలు పెడితే దేశమంతా వార్తయింది. చానింగ్ టేటమ్ 'మేజిక్ మైక్' కథ కూడా ఆ ఊళ్ళోదే. అంత పేరున్న చోటికి కస్టమర్లే కాదు, డాన్సర్లు కూడా వస్తారు. బయటి నుంచి చూస్తే డబ్బున్న ఊరు. లోపలికెళ్ళి చూస్తే ఒక్కో కస్టమర్ కోసం నలుగురు ఎదురుచూసే ఊరు.

ఇక్కడ ఈ వ్యాపారం నడిచే తీరు కొంచెం తెలియాలి. అమెరికా క్లబ్బుల్లో చాలాచోట్ల డాన్సర్‌కి జీతం ఉండదు. ఆమె ఉద్యోగి కాదు, కాగితం మీద స్వతంత్ర కాంట్రాక్టర్. ఆ రాత్రి అక్కడ పని చేసుకోనిచ్చినందుకు ఆమే క్లబ్బుకి డబ్బు కడుతుంది. దాన్ని హౌస్ ఫీ అంటారు. ఆపైన డీజేకి, బౌన్సర్‌కి, మేకప్ గదిలో ఉండే ఆవిడకి తలా కొంత ఇచ్చుకోవాలి. అంటే బోణీ కాకముందే బాకీ. ఊరు కాని ఊరు వచ్చినదైతే ప్రయాణం ఖర్చు, గది అద్దె అదనం.

ఇందులో అసలు కిటుకు ఏమిటంటే, మార్కెట్ నిండిపోతే నష్టం డాన్సర్‌కే, క్లబ్బుకి కాదు. పదిమంది సరిపోయే రాత్రి ముప్ఫైమంది వస్తే క్లబ్బుకి ముప్ఫై ఫీజులు వస్తాయి. ఇక చాలు, రేపు రండి అని చెప్పాల్సిన అవసరం దానికి లేదు. మనకిది మరీ కొత్త సంగతేం కాదు. హైదరాబాద్‌లో ఆటో నడిపేవాళ్ళని అడగండి. కొన్ని యాప్‌లు ఇప్పుడు కమిషన్ తీసుకోవడం మానేసి రోజుకింత అని ఫీజు తీసుకుంటున్నాయి. ఫీజు కట్టాక సవారీ దొరికిందా లేదా అన్నది డ్రైవర్ గొడవ. రోడ్డు మీద ఆటోలు ఎన్ని పెరిగితే యాప్‌కి అంత మంచిది.

'జోలా'లో ఈ లెక్క ఎక్కడా మాటల్లో వినపడదు, ఒక్కచోట తప్ప. క్లబ్బులో డాన్సర్లంతా స్టేజ్ వెనక చేతులు పట్టుకుని నిలబడి ప్రార్థన చేస్తారు. మంచి మగాళ్ళని పంపించు దేవుడా, జేబులో డబ్బున్నవాళ్ళని, క్రెడిట్ బాగున్నవాళ్ళని పంపించు అని. థియేటర్లో నవ్వించే సీనే. కానీ పొద్దున్నే కొట్టు తెరిచి, దేవుడి పటానికి అగరబత్తి తిప్పి, గుమ్మంకేసి చూస్తూ కూర్చునే మనిషిని చూసినవాళ్ళకి ఆ ప్రార్థన కామెడీలా అనిపించదు. ఫీజు కట్టేశారు. ఇక గిరాకీ దేవుడి చేతిలో ఉంది.

సినిమా వదిలేసిన ఈ లెక్క నాకు ఒక వ్యాసంలో దొరికింది. సూసన్ ఎలిజబెత్ షెపర్డ్ 2013లో బజ్‌ఫీడ్‌లో 'వైల్డ్‌క్యాటింగ్' అనే పెద్ద వ్యాసం రాసింది. చమురు ఉందో లేదో తెలియని నేలలో అదృష్టం మీద భారం వేసి బావి తవ్వడాన్ని వైల్డ్‌క్యాటింగ్ అంటారు. షెపర్డ్ స్వయంగా డాన్సర్‌గా పనిచేసిన మనిషి. చమురు బూమ్‌తో ఊగిపోయిన నార్త్ డకోటాలోని విలిస్టన్ అనే ఊరికి వెళ్ళి పనిచేసిన అనుభవంతో ఆ వ్యాసం రాసింది.

విలిస్టన్ చిన్న ఊరు. 2010 జనాభా లెక్కల్లో పదిహేను వేలు కూడా లేవు. బాకెన్ చమురు కోసం దేశం నలుమూలల నుంచీ మగాళ్ళు దిగారు. చేతిలో డబ్బుంది, ఖర్చు పెట్టడానికి చోటు లేదు. అలాంటి చోట డాన్సర్లు తక్కువ, కస్టమర్లు ఎక్కువ. అక్కడ రాత్రికి వేలల్లో సంపాదించొచ్చని 2011లో సీఎన్ఎన్ లాంటి చోట్ల వార్తలొచ్చాయి. వార్త చదివినవాళ్ళంతా బ్యాగు సర్దుకుంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. చోటు రెండే క్లబ్బుల్లో. వచ్చేవాళ్ళు అన్ని రాష్ట్రాల నుంచీ.

అమీర్‌పేటలో ఒకప్పుడు తిరిగినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఫలానా కోర్సుకి డిమాండ్ ఉందని హోర్డింగ్ పైకెక్కింది అంటే, ఆ డిమాండ్‌ని వాడుకోవాల్సినవాళ్ళు అప్పటికే వాడుకున్నారని అర్థం. హోర్డింగ్ చూసి చేరినవాడికి మిగిలేది ఫీజు రశీదు. మంచి మార్కెట్ కబురు మన చెవిదాకా వచ్చేసరికి అది మంచి మార్కెట్‌గా మిగలదు.

షెపర్డ్ రాసిన దాంట్లో నాకు నచ్చింది, ఆమె తన మీద జాలి అడగదు, గొప్పా చెప్పుకోదు. బూమ్ ఊళ్ళ వెంట తిరిగే కూలీల పొడవైన చరిత్రలో తనని కూడా ఒకతెగా కూర్చోబెట్టుకుంటుంది. రిగ్గు మీద పనిచేసేవాడూ, ట్రక్కు నడిపేవాడూ, డాన్సరూ ఒకే చమురు ధర మీద బతుకుతున్నారు. ఆ ధర 2014 మధ్యలో బ్యారెల్‌కి వంద డాలర్ల పైన ఉండి, 2016 మొదట్లో ముప్ఫై కిందకి పడిపోయింది. వ్యాసం అంతకు ముందే రాసింది కాబట్టి ఆ పతనం అందులో లేదు. అయినా చదువుతుంటే, ఇది ఎంతోకాలం నడవదనే ఎరుక వ్యాసం మొత్తంలో ఉంది.

ఈ వ్యాసం చదివి మళ్ళీ 'జోలా'కి వెళ్తే సినిమాలో అందరికీ గుర్తుండిపోయే సీన్ వేరేలా కనిపిస్తుంది. క్లబ్బు అయిపోయాక కథ హోటల్ గదికి మారుతుంది. స్టెఫనీ దగ్గరికి మగాళ్ళు వస్తుంటారు. ఎక్స్ ఆమెకి పెట్టిన రేటు 150 డాలర్లని తెలిసి జోలాకి ఒళ్ళు మండుతుంది. తను ఆ పని చెయ్యదు, కానీ స్టెఫనీకి కొత్త ఫొటోలు తీసి, రేటు 500కి పెంచి ప్రకటన మళ్ళీ పెడుతుంది. రాత్రి గడిచేసరికి వేల డాలర్లు వస్తాయి. చూస్తున్న మనకి జోలా తెలివికి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. సినిమా కూడా అదే ఊపులో తీసింది.

కానీ ఆ డబ్బు ఎవరి చేతికి పోయింది? ఎక్స్ చేతికి. కలిసి వచ్చిన నలుగురిలో మార్కెట్‌ని సరిగ్గా చదవగలిగింది జోలా ఒక్కతే. ఆ చదువు వల్ల బాగుపడింది ఆమెని మోసం చేసి తెచ్చినవాడు. క్లబ్బులో అయినా జరిగేది ఇంతకన్నా వేరు కాదు. డాన్సర్ ఎంత తెలివిగా, ఎంత ఒళ్ళు వంచి పనిచేసినా, ముందుగా నిండేది ఇంకొకరి గల్లాపెట్టె. సినిమాకి ఈ సంగతి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో ఉంది. అయినా అందుకోదు. ఎక్స్ కోపంలో యాస మార్చి అరవడం మీదకి, తుపాకీ మీదకి వెళ్ళిపోతుంది. థ్రిల్లర్‌కి విలన్ కావాలి కదా.

నా అసంతృప్తి ఇక్కడే. విలన్ ఉంటే మనం ఊపిరి పీల్చుకుంటాం. వాడు లేకపోతే అంతా బాగుండేదని అనుకుంటాం. ఎక్స్ లేడనుకోండి, స్టెఫనీ నిజమే చెప్పిందనుకోండి. జోలా టాంపా వెళ్ళి, ఫీజు కట్టి, వూపీ గోల్డ్‌బర్గ్ మాట పడి, గది అద్దె పోను ఎంతో కొంత చేతిలో పెట్టుకుని 1,900 కిలోమీటర్లు వెనక్కి వచ్చేది. అప్పుడు ఎవరూ ట్వీట్లు చదివేవాళ్ళు కాదు, సినిమా ఉండేది కాదు. కానీ చాలామంది డాన్సర్ల ప్రయాణం అదే.

ఈ విషయంలో 2019లో వచ్చిన 'హస్లర్స్' కొంచెం నయం. అందులో మొదట్లోనే డెస్టినీ అనే అమ్మాయి రాత్రంతా పనిచేసి, పొద్దున అందరికీ ఇవ్వాల్సింది ఇచ్చేసి, మిగిలిన కాసిని నోట్లు లెక్కపెట్టుకుంటుంది. 2008 ఆర్థిక పతనం తర్వాత కస్టమర్లు తగ్గిపోతారు, కొత్తగా వచ్చినవాళ్ళు తక్కువ డబ్బుకి ఎక్కువ చెయ్యడానికి సిద్ధపడతారు. నిండిన మార్కెట్ మనిషిని ఎటు నెడుతుందో ఆ కొద్ది నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆ తర్వాత అదీ నేరం కథలోకి వెళ్ళిపోయిందనుకోండి. ఇంకో పక్క 'మేజిక్ మైక్ ఎక్స్ఎక్స్ఎల్' చూడండి. మగ డాన్సర్లు కూడా ఊరు దాటి ప్రయాణం కడతారు, మర్టిల్ బీచ్‌కి. వాళ్ళది పిక్నిక్. దారిలో స్నేహాలు, సరదాలు, చివర్లో చప్పట్లు. అదే ప్రయాణం ఆడవాళ్ళు చేస్తే హారర్. ఈ రెండిటి మధ్య ఉండే మామూలు ఉద్యోగ ప్రయాణం, అలుపూ, లెక్కా సినిమాలకి పనికిరాలేదు.

ఇక్కడ నాకు నేనే ఒక ఎదురుప్రశ్న వేసుకోవాలి. విలన్ కన్నా మార్కెట్టే అసలు సంగతి అనడం ఎక్స్ లాంటివాళ్ళ తప్పుని పలచన చెయ్యడం కాదా? జోలా చెప్పింది తనకి జరిగినది. ఆమె భయం నిజం. ఆ గదిలో ఉన్న ఆమెకి ఆర్థికశాస్త్రం బోధించడానికి నేనెవర్ని? నిజమే. ఎక్స్ చేసింది నేరమే, దాన్ని మార్కెట్ ఖాతాలో వెయ్యకూడదు. నేనంటున్నది ఇంతే: అతని ఎర పనిచేసిందంటే, అంతకుముందే ఆకలి తయారై ఉంది. ఉన్న ఊళ్ళో గిట్టుబాటు కానిది దూరపు ఊళ్ళో అవుతుందన్న ఆశని అతను పుట్టించలేదు, వాడుకున్నాడు.

ఆ ఆకలిని మార్చే ప్రయత్నాలు సినిమాల బయట జరుగుతున్నాయి. లాస్ ఏంజెలెస్‌లోని నార్త్ హాలీవుడ్‌లో స్టార్ గార్డెన్ అనే క్లబ్బు డాన్సర్లు నెలల తరబడి బయట నిలబడి నిరసన చేసి, 2023 మేలో నటుల యూనియన్ యాక్టర్స్ ఈక్విటీలో చేరారు. తాము ఉద్యోగులమని, స్వతంత్ర కాంట్రాక్టర్లం కామని వాళ్ళ వాదన. ఉద్యోగి అన్నాక ఎంతమందిని తీసుకోవాలో క్లబ్బు కూడా లెక్క చూసుకోవాలి. ఆ ఒక్క మాట కోసమే అంత గొడవ.

మన సినిమాల్లో ఐటం సాంగ్ మొదలవ్వగానే ఒక అమ్మాయి లైట్ల మధ్య ప్రత్యక్షమవుతుంది. ఎక్కడి నుంచి వచ్చింది, బస్సు ఛార్జీ ఎవరిచ్చారు, ఈ రాత్రికి ఎంత మిగిలింది అని ఏ డైరెక్టరూ చెప్పడు, మనమూ అడగం. 'జోలా' ఆ అమ్మాయిని కారెక్కించి దారంతా చూపించింది. నేను చూసిన సినిమాల్లో అదే పెద్ద అడుగు. లెక్క పుస్తకం మాత్రం డ్యాష్‌బోర్డ్‌లోనే ఉండిపోయింది. మళ్ళీ ఎప్పుడైనా చూస్తే ప్రార్థన సీన్ దగ్గర ఒక్క నిమిషం ఆపి చూడండి. ఆ చేతులు పట్టుకున్న అమ్మాయిల్లో ఎంతమంది ఆ ఊరివాళ్ళు, ఎంతమంది మన జోలాలా కబురు విని వచ్చినవాళ్ళు అని.